తెరచాప ఓడలో ఉగ్రాణం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలకు సముద్రం చాలా దూరం. అక్కడి పిల్లలలో చాలమందికి ఓడ అనగా భూగోళ పుస్తకంలోని బొమ్మయే. అయినా ఓడల చరిత్రలో ఈ మెట్టసీమకు ఒక సంబంధం ఉన్నది. ఓడ తేలేది కలపవల్ల, నడిచేది గాలివల్ల. కాని నెలల తరబడి చెడకుండా నిలిచేది లోపల దాచుకున్న పనిముట్లవల్ల, మేకులవల్ల, నారవల్ల, గుడ్డవల్ల. ఇనుమును కరిగించే విద్య ఒక్క రేవు పట్టణాలలోనే పెరిగినది కాదు.

జగిత్యాల జిల్లాలో పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల అనే గ్రామం ఉన్నది. శాతవాహన వంశానికి మూలపురుషుడని చెప్పే సిముకుని నాణేలు అక్కడ దొరికినవి. ఆ వంశంవాడే అయిన యజ్ఞశ్రీ శాతకర్ణి క్రీ.శ. 2వ శతాబ్దిలో వేయించిన సీసపు నాణేలమీద రెండు కొయ్యల ఓడ కనిపిస్తుంది. నది ఒడ్డున మొదలైన రాజ్యం సముద్రందాకా ఎదిగిందనడానికి ఇంతకంటె పొట్టి సాక్ష్యం ఉండదు. అజంతా 2వ గుహలో మూడు కొయ్యల ఓడ చిత్రం ఒకటి ఉన్నది. దాని వెనుక భాగాన కప్పు కింద జాడీలు వరుసగా పేర్చి ఉంటవి. ఓడలో ఏ వస్తువును ఎక్కడ పెట్టాలన్నది ఆనాటికే ఆలోచించి చేసే పని అని ఆ జాడీల వరుస చెప్తున్నది.

నేలమీద బండి ఇరుసు విరిగితే పక్క ఊళ్ళో వడ్రంగి ఉంటాడు, కమ్మరి ఉంటాడు. నడిసముద్రంలో పక్క ఊరు లేదు. కాబట్టి ఓడ తన ఊరిని తానే మోసుకుపోవాలి. పెద్ద తెరచాప ఓడలో వడ్రంగి, పలకల సందులు కూరేవాడు, తెరచాప కుట్టేవాడు, కమ్మరి ఉండేవారు. వారి సామాను ఉంచే గదిని మన మాటలో ఉగ్రాణం అనవచ్చును. బాడిసెలు, ఉలులు, రంపాలు, బరమాలు ఒకచోట. మేకులు, సీలలు పీపాలలో. మోకులు, కప్పీలు మరొకచోట. నార, గుగ్గిలం, తారు ఇంకొకచోట. తెరచాప గుడ్డ పొడిగా ఉండే గదిలో. పొడవైన దుంగలకు లోపల చోటు చాలదు గనుక వాటిని పైతట్టుమీదనే మోకులతో బిగించేవారు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఉగ్రాణానికి ఇచ్చిన ప్రతి మూరెడు చోటూ సరకునుంచి గాని, తాగేనీటినుంచి గాని తీసినదే. ఏ భాగం ఎప్పుడు విరుగుతుందో ఎవరికీ తెలియదు. అన్నిటికీ మారు భాగాలు తీసుకుపోతే ఓడలో మనుషులకే చోటుండదు. నావికులు కనిపెట్టిన ఉపాయమేమనగా, తయారైన భాగాలకంటె ముడిసరకునూ పనిముట్లనూ ఎక్కువగా మోయడం. ఒక మంచి టేకు దుంగ ఉంటే, దానిని అవసరాన్నిబట్టి పై కొయ్యగానో, తెరచాప కట్టే అడ్డకొయ్యగానో, చివరకు తాత్కాలికపు చుక్కానిగానో చెక్కుకోవచ్చును. ఇనుప కడ్డీ ఒకటి ఉంటే అది రేపు మేకు కాగలదు, ఎల్లుండి కొక్కెం కాగలదు.

దీనికి మరొక కారణం కూడా ఉన్నది. నేటి విద్యార్థులకు ఇది వింతగా తోచవచ్చును. ఆ రోజులలో ఒక మరకు మరొక బందు సరిపోయేది కాదు. ప్రతి కార్ఖానా తన కొలతతో తాను మరలు కోసేది. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మరల చుట్లకు ఒకే కొలత ఉండాలని 1841లో ప్రతిపాదించేవరకు ఈ గందరగోళం సాగినది. కప్పీల విషయంలో మాత్రం కొంచెం ముందే మార్పు వచ్చినది. పెద్ద యుద్ధనౌక ఒక్కదానికి దాదాపు వెయ్యి కప్పీలు కావాలి. మార్క్ బ్రూనెల్ ఊహించి, హెన్రీ మాడ్స్‌లే తయారు చేసిన యంత్రాలు పోర్ట్స్‌మత్ రేవులో 1808 నాటికి ఏడాదికి 1,30,000 కప్పీలు చేయసాగినవి. ఒకటి తీసి మరొకటి పెట్టగల విడిభాగం అన్న భావం పరిశ్రమలలో వేళ్ళూనడానికి ఓడల అవసరం ఇలా తోడ్పడినది. అంతకుముందు ఓడలో విడిభాగాల పెట్టె అనగా, నిజానికి కమ్మరి చేతులే.

ఉగ్రాణం ప్రాణాలు నిలిపిన ఘట్టాలలో 1770 నాటిది ప్రసిద్ధమైనది. జూన్ 11 రాత్రి కెప్టెన్ కుక్ నడుపుతున్న ఎండెవర్ ఓడ ఆస్ట్రేలియా తూర్పు తీరాన పగడపు దిబ్బమీద ఎక్కినది. అడుగు పలకలు చీలి నీరు లోపలికి వస్తున్నది. తేలిక చేయడానికి ఆరు ఫిరంగులను, ఓడ అడుగున వేసిన బరువును, పాడైన సామానును సముద్రంలో పారవేసినారు. ఏమి పారవేయాలి, ఏమి ఉంచాలి అన్నది ఆ రాత్రి చావుబ్రతుకుల ప్రశ్న. ఫిరంగులు పోయినవి, కొలిమి మాత్రం పోలేదు. మరునాటి రాత్రి పోటుకు ఓడ తేలినది గాని నీరు ఆగలేదు. అప్పుడు జోనథన్ మంక్‌హౌస్ అనే యువకుడు తాను మరొక ఓడలో చూసిన ఉపాయం చెప్పినాడు. మారు తెరచాప ఒకటి తీసి, దానిమీద సన్నగా తరిగిన నారనూ ఉన్నినీ కలిపి ముద్దలుగా కుట్టి, పేడ పూసి, మోకులతో ఓడ కిందికి లాగినారు. లోపలికి పారే నీటి ఒత్తిడే ఆ ముద్దలను పగులులోకి తోసి బిగించినది. పగులు తెచ్చిన నీరే పగులును మూసినదన్నమాట! తరువాత ఒక నది ముఖాన ఓడను ఒడ్డుకు చేర్చి, నేలమీద కొలిమి పెట్టి మేకులు, సీలలు కొట్టి, దాదాపు ఏడు వారాలు బాగుచేసుకొన్నారు. అంతకు 150 ఏండ్ల ముందు, 1620లో, మేఫ్లవర్ ఓడ అట్లాంటిక్ నడుమ పెద్ద దూలం పగిలినప్పుడు ప్రయాణికులు హాలెండునుంచి తెచ్చుకొన్న ఒక పెద్ద ఇనుప మర దానిని పైకెత్తి నిలిపినది. ఓడ కోసం తెచ్చినది కాదు అది. తెచ్చుకొన్నవారి అదృష్టమనాలి.

ఎండెవర్‌కు పూర్తి మరమ్మతు జరిగినది జావా ద్వీపంలోని బటావియాలో, అనగా నేటి జకార్తాలో. ఆ బటావియాకే 17వ శతాబ్దిలో డచ్చి వర్తకులు తెలుగు తీరంనుంచి ఇనుము, ఉక్కు, మేకులు పంపుతుండేవారు. మచిలీపట్నం, పాలకొల్లు, లోతట్టున నాగులవంచ వారి స్థావరాలు. నరసాపురం దగ్గర ఓడలు కట్టే పని ముమ్మరంగా సాగేది. 1669-79 మధ్య బంగాళాఖాతపు దేశాలలో తిరిగిన టామస్ బౌరీ అనే ఆంగ్ల నావికుడు ఇక్కడి కలపను, ఇనుమును మెచ్చుకొన్నాడు. మేకులు, సీలలు, లంగర్లు మొదలైన ఇనుప పనులన్నీ స్థానికులు నేర్పుతో చేస్తారనీ, ఆంగ్ల వర్తకులు ఏటేటా ఇక్కడ ఓడలు కట్టించుకొంటారనీ వ్రాసినాడు. తరువాతి కాలంలో కోరంగి ఈ పనికి పేరుపొందినది. కోరంగి 1789లోను, 1839లోను వచ్చిన పెనుతుపానులకు దెబ్బతిన్నది. నేడు కాకినాడ దగ్గర ఆ పేరు మడ అడవులకే ఎక్కువగా తెలియును.

కోరుట్లనుంచి మెట్‌పల్లి మీదుగా పడమటికి పోతే కమ్మరపల్లి వస్తుంది. ఊరి పేరే వృత్తిని చెప్తున్నది. ఆ ప్రాంతంలోనిదే కోనసముద్రం. సముద్రం లేని చోట ఆ పేరేమిటని నవ్వుకోవచ్చును గాని, ఆ ఊరి ఉక్కు సముద్రాలు దాటిన మాట నిజం. లాంబ్టన్ నాయకత్వాన సాగిన త్రికోణమితి సర్వేలో వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు అయిన హెన్రీ వాయ్‌సే ఇక్కడి పద్ధతిని చూచి వ్రాసినాడు. అతడు 1824లో మరణించినాడు. ఆ వ్యాసం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. రెండు తావుల ఇనుమును కలిపి మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, పగలూ రాత్రీ మంటలో ఉంచి, నెమ్మదిగా చల్లార్చేవారు. ఆ ఉక్కును కొనడానికి ఇస్ఫహాన్ వర్తకుడు ఒకడు స్వయంగా ఆ ఊరికి వచ్చి కూర్చున్న సంగతి కూడా వాయ్‌సే చెప్పినాడు. 2010లో బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణ గ్రామాలలో ఇనుప చిట్టెపు కుప్పలను, పాత మూసల ముక్కలను పరిశీలించినవి.

ఇనుము వేరు, ఉక్కు వేరు; ఓడకు రెండూ కావాలి. మేకుకు మెత్తని ఇనుము కావాలి. పలకలను దాటి వచ్చిన మేకు కొనను వంచి కొట్టాలి గదా, గట్టిదైతే పుటుక్కున విరుగును. బాడిసెకు, ఉలికి మాత్రం అంచు నిలవాలి. మూసలో చేసిన ఉక్కులో నూటికి ఒకటి నుంచి రెండు పాళ్ళ కర్బనం ఉండటంచేత దానికి ఆ కాఠిన్యం వచ్చినది. ఒక్క కర్బనపు పాలు మారినంతమాత్రాన మేకు కావలసినది ఉలి అవుతున్నది!

ఇక ఈ ఇనుమును ఉప్పుగాలిలో దాచడం ఎట్లా? ఉప్పులో సోడియం క్లోరైడుతోబాటు మెగ్నీషియం క్లోరైడు ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. కాబట్టి సముద్రపు నీటిలో తడిసి ఆరిన పనిముట్టు, ఆరినట్లు కనబడినా ఆరదు. ముందు మంచినీటితో తుడిచి, పిదప కొవ్వుగాని నూనెగాని పూయాలి. మన కలపకు ఇక్కడ ఒక గొప్ప ఉన్నది. ఇంగ్లండు ఓడలకు వాడే ఓక్ చెక్కలోని టానిక్ ఆమ్లం ఇనుప మేకును తినివేస్తుంది. టేకులోని సహజమైన నూనె దానిని కాపాడుతుంది. గోదావరి పొడవునా టేకు అడవులుండటం, ఆ దుంగలు తెప్పలుగా దిగువకు రావడం తెలుగు ఓడలకు ఎంత మేలు చేసినదో దీనినిబట్టి ఊహించవచ్చును.

రెండు లోహాలను కలిపి ఉంచరాదన్న సంగతి మాత్రం చేదు అనుభవంవల్ల తెలిసినది. పురుగు తొలవకుండా 1761లో అలార్మ్ అనే ఆంగ్ల యుద్ధనౌక అడుగుకు రాగి రేకు తొడిగినారు. రెండేండ్లకు విప్పి చూడగా రాగిని తాకిన ఇనుప మేకులు తుప్పై పోయినవి. కొన్ని మాత్రం చెడలేదు. కారణం వెదకగా, రాగి రేకులు చుట్టివచ్చిన గోధుమరంగు కాగితం ఆ మేకుల దగ్గర చిరగకుండా మిగిలి ఉన్నది! సముద్రపు నీటిలో రాగి, ఇనుము తాకితే చిన్న విద్యుద్ఘటమే ఏర్పడి ఇనుము కరిగిపోతుంది. కాగితం ఆ తాకిడిని తప్పించినది. చేతి కాగితానికి పేరుపడిన కోరుట్లవారు ఈ కథ విని సంతోషించవచ్చును. 1824లో హంఫ్రీ డేవీ ఈ సూత్రాన్నే తిప్పి, రాగిని కాపాడటానికి జింకు, ఇనుప ముక్కలు తగిలించినాడు. రాగి మిగిలినది గాని, దాని కరుగుడుకు భయపడే గుల్లలు, నాచు నిర్భయంగా వచ్చి పట్టినవి. శాస్త్రంలో ఇటువంటి ఎదురుదెబ్బలు మామూలే.

బరువైన సామాను అడుగున, ఓడ నడుమ ఉంచాలి. లేకుంటే గరిమనాభి పైకి లేచి ఓడ ఒరిగిపోవును. ఇది అందరికీ తోచేదే. దిక్సూచి సంగతి అంత సులభంగా తోచదు. 1801-03లో ఇన్వెస్టిగేటర్ ఓడమీద ఆస్ట్రేలియా తీరాలను కొలిచిన మాథ్యూ ఫ్లిండర్స్, ఓడ ముఖం తిరిగినకొలదీ సూది తప్పు చూపడం గమనించి, దానికి కారణం ఓడలోని ఇనుమే అని నిరూపించినాడు. చిన్న పడవలో సుత్తుల పెట్టెను దిక్సూచి పక్కన పెడితే దారి తప్పడానికి అదే చాలును.

తెరచాప బాగుచేయడం గురించి సిరిసిల్ల పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. గుడ్డ పడుగువైపుగాని పేకవైపుగాని లాగితే నిలుస్తుంది, మూలగా లాగితే సాగుతుంది. అందుచేత అతుకు వేసేటప్పుడు దాని పోగులు పాత గుడ్డ పోగుల దిశలోనే ఉండాలి. ఇప్పటి తెరచాపలలో చాలవాటికి పాలిస్టరు నూలే వాడుతారు. సిరిసిల్ల మరమగ్గాలమీద ఆడేదీ అటువంటి నూలే.

యంత్రాల కాలంలోనూ ఈ ప్రశ్న పోలేదు. 2017 సెప్టెంబరు 10న భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు తారిణి అనే తెరచాప నౌకలో గోవానుంచి భూప్రదక్షిణకు బయలుదేరినారు. నాయకురాలు వర్తికా జోషి. విశాఖపట్నం యువతి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఆ ఆరుగురిలో ఉన్నారు. ఫ్రీమాంటిల్, లిటెల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవులలో మాత్రమే ఆగాలన్నది సంకల్పం. నడుమ వారాల తరబడి నీరే. ఏది చెడినా ఆరుగురే బాగుచేసుకోవాలి. దక్షిణ సముద్రాలలో కొండలవంటి అలలమీద అదే చేసినారు. కేప్‌టౌన్ దాటి ఇంటిదారి పట్టిన తరువాత చుక్కానిని తిప్పే యంత్రాంగం దెబ్బతిన్నది. లోపలి సామానుతో తీరే పని కాకపోవడంచేత నౌకను మారిషస్‌లోని పోర్ట్ లూయీకి మళ్ళించి, అక్కడ మరమ్మతు చేయించుకొని, మళ్ళీ తెరచాప ఎత్తినారు. 254 రోజులలో సుమారు 21,600 నాటికల్ మైళ్ళు తిరిగి, 2018 మే 21న తారిణి గోవా చేరినది.