బాహుదా ఒడ్డున ఒక ఉదయగీతం

పరాయి దేశపు విద్యార్థి ఎవరైనా మదనపల్లెకు వస్తే ముందుగా ఏమి చూపించాలి? హార్సిలీ కొండలనీ, టమాటా మార్కెట్టనీ చాలామంది అంటారు. నేనైతే బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు, అంటే మనందరి బీటీ కాలేజీకి, తీసుకొని వెళ్ళమంటాను. ఎందుకంటే, అతనికన్నా ముందే సముద్రాలు దాటి ఇక్కడికి వచ్చినవారి కథ అక్కడ ఉన్నది.

బాహుదా నది ఒడ్డున వెలసిన ఈ ఊరిలో 1915లో అనీబిసెంట్ ఆ కళాశాలను స్థాపించారు. మరుసటి ఏడు ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ అధ్యాపకుడిగా వచ్చారు. తన దేశంలో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును మెచ్చుకొంటూ వ్రాసినందుకు మద్రాసులో పత్రికోద్యోగం పోగొట్టుకొన్న మనిషి ఆయన. భార్య మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. స్త్రీల ఓటుహక్కు కోసం లండనులోనూ, డబ్లిన్‌లోనూ జైలుకు వెళ్ళివచ్చిన ధీర.

కళాశాల కూడా వారికి తగినదే. హోమ్ రూల్ ఉద్యమంలో పాలుపంచుకొన్నందుకు 1917లో మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపును కోల్పోయింది. పట్టా విలువ పోతుందని తెలిసీ నిలబడిన విద్యార్థుల తెగువను మనం తగినంతగా తలుచుకోలేదనిపిస్తుంది.

ఆ కళాశాలకే 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అతిథిగా వచ్చారు. ఒక సాయంత్రం తన బెంగాలీ పాట 'జనగణమన' పాడి వినిపించారు. అది 1911లోనే కలకత్తా కాంగ్రెసు సభలో పాడిన పాట. అయినా మన విద్యార్థులకు కొత్త. వెంటనే దానిని తమ ఉదయప్రార్థనగా స్వీకరించారు. మార్గరెట్ ఆ బాణీని స్వరలిపిలో వ్రాసిపెట్టారు. ఫిబ్రవరి 28న కవి ఆ గీతాన్ని 'భారత ఉదయగీతం' అన్న పేరుతో ఇంగ్లీషులోకి అనువదించారు. 1950 జనవరి 24న అది జాతీయగీతమయింది.

బెంగాలీ పాట, ఐరిష్ స్త్రీ వ్రాసిన స్వరలిపి, తెలుగు పిల్లల గొంతులు! అప్పటికి దేశమే ఇంకా మనది కాదు. ఆ మార్గరెట్ 1932లో వాక్ స్వాతంత్ర్యం కోసం మళ్ళీ జైలుకు వెళ్ళారు. ఈసారి ఇక్కడికి దగ్గరలోని వెల్లూరు జైలుకు, మన దేశం కోసం.

"జాతీయగీతాన్ని అనువదించిన చోటు" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకొంటే ఇదంతా మరుగున పడుతుంది. కొత్తగా వచ్చే విద్యార్థికి చెప్పవలసినది ఇది: నీవు ఇక్కడ మొదటి పరదేశివి కావు, నీకన్నా ముందు వచ్చినవారు ఈ ఊరిని తమదిగా చేసుకొన్నారు. ఈ మాట మన పిల్లలకు కూడా ఎవరైనా చెబుతున్నారా?