కారు గాలి పీల్చిన కథ

కమ్మరి కొలిమిని చూచినవారికి ఒక సంగతి తెలియును. బొగ్గు ఎంత పోసినను, తిత్తి ఊదనిదే ఇనుము ఎఱ్ఱబడదు. నిప్పునకు ఆహారము బొగ్గయినను ప్రాణము గాలియే. మోటారు ఇంజనుకును ఇదియే ధర్మము. ఒక పాలు పెట్రోలు చక్కగా మండవలెనన్న, తూకమున దాదాపు పదునైదు పాళ్ల గాలి కావలెను. పెట్రోలును ఎక్కువగా పోయుట సులభము. గాలిని ఎక్కువగా పంపుటయే కష్టము. ఆ కష్టమును తీర్చుటకు అమెరికా దేశమున జరిగిన ఒక చిన్న ప్రయత్నపు చరిత్రను ఇప్పుడు ముచ్చటించుకొందము.

వేగముగా పోవు వాహనమునకు గాలి ఎదురువచ్చును. ముందువైపున ఒక నోరు తెరచి ఉంచినచో, ఆ గాలి తనంతట తానే లోనికి చొచ్చుకొనివచ్చి ఒత్తిడి కలిగించును. దీనినే ఆంగ్లమున ‘రామ్ ఎయిర్’ అందురు. రామ్ అనగా పొట్టేలు. పొట్టేలువలె ఢీకొట్టుట అనియు అర్థము. విమానములకు ఈ ఉపాయము మిక్కిలి అక్కరకు వచ్చినది. నేలకు సమీపమున గంటకు 500 కిలోమీటర్ల వేగముతో ఎగురు విమానమునకు, ఎదురుగాలి వలన వాతావరణపు ఒత్తిడిలో పదవవంతునకు మించిన అదనపు ఒత్తిడి లభింపగలదు.

ఇక కారు సంగతి. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ సంస్థ తన శాఖలు పందెములలో పాల్గొనరాదని శాసించినది. పందెములతోనే పేరు గడించిన పాంటియాక్ శాఖకు ఇది పెద్ద దెబ్బ. అప్పుడు ప్రధాన ఇంజనీరుగానున్న జాన్ డిలోరియన్, ఆయన సహచరులు మరియొక దారి త్రొక్కిరి. 389 ఘనపు అంగుళముల, అనగా సుమారు 6.4 లీటర్ల, పెద్ద ఇంజనును మధ్యరకపు కారులో అమర్చి, 1964 సంవత్సరపు నమూనాగా ‘జీటీఓ’ అను పేర విడుదల చేసిరి. పందెపు బాట మూసికొనిపోగా పందెపు వేగము వీధిలోనికి వచ్చినది. యువకులు ఆ కారునకు మనసిచ్చిరి.

1965 నమూనాకు బానెట్టు నడుమ ఉబ్బెత్తుగా ఒక గాలినోరు ఏర్పడినది. కాని అది మూసిన నోరు. గోడపై రంగులతో వ్రాసిన కిటికీ వంటిది. చూపునకే గాని గాలికి కాదు. ఆ సంవత్సరము ఆగస్టులో కంపెనీవారు ఒక చిన్న సామగ్రిని విక్రయశాలలకు పంపిరి. అందులో ముఖ్యమైనవి రెండే: ఒక రేకు పళ్లెము, మెత్తని నురుగు రబ్బరు పట్టీ. మూడు కార్బురేటర్ల చుట్టును పళ్లెమును బిగింతురు. దాని అంచున రబ్బరు పట్టీని అమర్తురు. బానెట్టు మూయగానే పట్టీ అణగి, సందులేకుండ అతుకుకొనును. పైని మూసియున్న గాలినోటిని తెరతురు. ఇంజను లోపలి భాగమొక్కటియు మారదు. అలంకారము అంతటితో ఉపకరణమైనది.

అయితే నిజముగా గాలి ఢీకొట్టి బలమిచ్చినదా? లెక్క చూతము. గంటకు 160 కిలోమీటర్ల వేగమున ఎదురుగాలి వలన లభింపగల అదనపు ఒత్తిడి, వాతావరణపు ఒత్తిడిలో నూటికి ఒకటింబావు పాలు మాత్రమే. అదియైనను పూర్తిగా చిక్కదు. బానెట్టును అంటి ప్రవహించు గాలిపొర మందగించియుండును. ఆ గాలినోరు అంత ఎత్తునకు లేవలేదు.

మరి లాభమెక్కడ? చల్లదనమున. ఇంజను వేడికి బానెట్టు క్రింది గాలి 60 డిగ్రీల సెంటిగ్రేడు ఉన్నదనుకొందము. బయటి గాలి 30 డిగ్రీలు. అదే పరిమాణపు చల్లగాలి వేడిగాలికంటె సుమారు పదవవంతు బరువు ఎక్కువ తూగును. అంతమేర పెట్రోలును ఎక్కువగా మండింపవచ్చును. పేరు పొట్టేలుది, పని చల్లగాలిది. ఆ చల్లగాలిని కాపాడినది రబ్బరు పట్టీ. పట్టీ చిరిగి వేడిగాలి లోనికి చొరబడినచో పై నోరు మరల అలంకారమాత్రమే. నోరు తెరచినచోట వాననీరును, దుమ్మును చొరగలవు గనుక, అమర్చువారు వడపోతను ఏమరరాదు.

తరువాత ఆ పేరు మహిమ పెరిగినది. 1969లో వచ్చిన ‘రామ్ ఎయిర్ నాలుగు’ అను ఇంజనుకు బలమిచ్చినవి ప్రధానముగా మెరుగైన సిలిండరు తలలును, క్యామ్ షాఫ్టును. కీర్తి మాత్రము గాలికి దక్కినది. 1970లో అమెరికాలో వాయు శుద్ధి చట్టము కఠినమైనది. 1971 నమూనాలకు ఇంజనుల లోపలి ఒత్తిడిని తగ్గించిరి. 1974తో నాటి జీటీఓ కారు నిలిచిపోయినది. 2010లో పాంటియాక్ శాఖయే మూతపడినది.

పేరు మాత్రము అంగడిలో నేటికిని నిలిచియున్నది. మెరయు గొట్టములు, ఎఱ్ఱని వడపోతలు ఆ పేరు చెప్పుకొని అమ్ముడుపోవుచున్నవి. వానిలో కొన్ని ఏ అడ్డునులేక ఇంజను ప్రక్కనే కూర్చుండి వేడిగాలినే పీల్చును. నేటి కార్లలో పెక్కింటికి కర్మాగారముననే బయటి గాలి తెచ్చు గొట్టము ఉండును. దానిని తీసి దీనిని పెట్టిన బలము పెరుగుటకు బదులు తరుగవచ్చును. మ్రోత మాత్రము పెరుగును. చెవి దానినే బలమని భ్రమించును.

కనుక అట్టి వస్తువును కొనబోవు యువకుడు ధరకంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒకటే: ఇది గాలిని ఎచటి నుండి తెచ్చును? ఆరు దశాబ్దముల క్రిందట ఒక రేకు పళ్లెము ఆ ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పినది.