విమానానికి హైదరాబాద్ పేరు

బ్రిటిష్ వాయుసేన వాడిన చిట్టచివరి రెండు రెక్కల ఫైటర్ పేరు గ్లోస్టర్ గ్లాడియేటర్. 1934 సెప్టెంబరులో మొదటిసారి ఎగిరింది, 1937లో దళాలకు చేరింది. అదే ఏడు మా పక్కనున్న బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పుట్టింది. ఈ రెండింటికీ పొత్తు ఏమిటంటారా? హైదరాబాద్ నిజామే. 1939 అక్టోబరు 1న ఇంగ్లండు ఉత్తర కొసన, ఆక్లింగ్టన్ అనే చోట 152వ స్క్వాడ్రన్‌ను మళ్లీ నిలబెట్టినప్పుడు దానికి దక్కినవి గ్లాడియేటర్లు. ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. దాని చిహ్నం మీద ఉన్నది మన నిజాం తలపాగా.

నేను బాన్సువాడలో పళ్ల సెట్లు కడతాను. మైనం, ప్లాస్టరు, సిలికాన్, రెసిన్ రోజూ నా చేతికి తగిలేవే. అందుకే డబ్బాలో వచ్చే ప్లాస్టిక్ కిట్టు జోలికి పోకుండా, ఈ విమానాన్ని 48వ వంతు కొలతలో రెసిన్‌తో నేనే పోసుకుంటున్నాను. అసలు విమానం రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 9.83 మీటర్లు. నా బల్ల మీద అది 20.5 సెంటీమీటర్లు.

రెసిన్ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇంజను. గ్లాడియేటర్‌ది బ్రిస్టల్ మెర్క్యురీ, 9 సిలిండర్లు గుండ్రంగా అమరి ఉంటాయి. గాలికి చల్లబడాలి కాబట్టి ప్రతి సిలిండరు ఒంటి నిండా పలుచని అంచులు. 9 చెక్కే పని లేదు, ఒకటి చాలు. ఇత్తడి కడ్డీ ముక్కకు సన్న తీగను చుట్టకు చుట్ట ఆనించి చుడితే ఆ అంచులు వస్తాయి. దాన్ని సిలికాన్‌లో ముంచి అచ్చు తీసి, ఒకే అచ్చులో 9 సార్లు పోస్తాను. కలిపిన రెసిన్ నిమిషాల్లో బిగుసుకుంటుంది. ఆ లోపలే అంచుల సందుల్లో చిక్కిన గాలి బుడగలు బయటికి రావాలి. పళ్ల నమూనాకు ప్లాస్టరు పోసేటప్పుడు వాడే వైబ్రేటర్ మీదే అచ్చును పెడతాను. బుడగలు ఒక్కొక్కటే పైకి తేలి పగులుతాయి. చివరి బుడగ పోయేదాకా చెయ్యి తియ్యను.

రెక్కలది వేరే కథ. పలుచగా, పొడుగ్గా పోసిన రెసిన్ మా దిక్కు ఎండాకాలానికి వంగిపోతుంది. పళ్ల సెట్టుకు కొక్కేలు చేసే స్టీలు తీగను పోయకముందే అచ్చులో పడుకోబెడితే రెక్క వంగకుండా నిలుస్తుంది. పై రెక్కనూ కింది రెక్కనూ బిగించి పట్టే తీగలకు, బ్రేసెస్ కట్టే సన్న లిగేచర్ తీగ సరిగ్గా సరిపోయింది. రెసిన్‌కు ప్లాస్టిక్ గమ్ము పట్టదు, సూపర్ గ్లూతో అంటిస్తాను. ఈ పని మొదలుపెట్టే కుర్రాళ్లకు ఒకటే చెబుతాను: రెసిన్ పొడి ఊపిరితిత్తులకు చేటు. నీళ్లు పోసుకుంటూ వాటర్ పేపర్ పట్టండి, ముక్కుకు మాస్కు తియ్యకండి.

ఇక రంగు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు గ్లాడియేటర్లు వెండి రంగులో తళతళలాడేవి. చూసిన ప్రతివాళ్లూ అదే వెయ్యమంటారు. హైదరాబాద్ దళానికి ఆ రంగు వెయ్యడం అబద్ధం. 1938లో జర్మనీతో యుద్ధభయం రేపిన మ్యూనిక్ గొడవతోనే ఫైటర్లకు ముదురాకుపచ్చ, మట్టి రంగు పూశారు. కింది రెక్క పైభాగం నీడలో నల్లబడి కనిపిస్తుందని అక్కడ అవే రంగులు లేతగా వేశారు. అడుగున ఎడమ రెక్క నలుపు, కుడి రెక్క తెలుపు, నేల మీది ఫిరంగులవాళ్లు తమవాళ్లను పోల్చుకోవడానికి. 152 మళ్లీ లేచింది యుద్ధం మొదలైన నెల రోజులకు. అందుకే నా గ్లాడియేటర్ యుద్ధపు రంగుల్లోనే ఉంటుంది.

హైదరాబాద్ పేరు విమానాల మీదికి ఎక్కడం అంతకు 21 ఏళ్ల ముందే జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన సొమ్ముతో 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ బాంబర్లు సమకూరాయి. అవీ రెండు రెక్కలవే, 400 గుర్రాల బలమున్న అమెరికన్ లిబర్టీ ఇంజనుతో. 1918 జనవరిలో నిజాంకు యార్-ఎ-వఫాదార్, అంటే బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడు, అన్న బిరుదు వచ్చింది. 152 స్క్వాడ్రన్ చిహ్నం కింద రాసుకున్నదీ నమ్మకమైన మిత్రుడు అన్న మాటే. ఆ ఏడు సెప్టెంబరులో 110 ఫ్రాన్సుకు చేరి, పగటిపూట జర్మనీ పట్టణాల మీద బాంబులు వేసి చాలామందిని పోగొట్టుకుంది. ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరు 5న శత్రువు నేల మీద దిగిపోయింది. నడిపినవాడు, వెనక కూర్చున్నవాడు ఖైదీలయ్యారు. దాన్ని జర్మన్లు బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో అది పోలండు చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను బదులిచ్చి ఇంగ్లండు దాన్ని తెచ్చుకుంది. ఇప్పుడు లండన్ హెండన్‌లోని వాయుసేన మ్యూజియంలో ఉంది. నిజాం కానుక, హైదరాబాద్ నంబర్ 12ఏ అన్న రాత దాని మీద నేటికీ చదవొచ్చు.

ఎఫ్1010 నేలకు దిగిన ఆ నెలల్లో ఇక్కడ ఏం జరుగుతోంది? 1918లో వానలు ముఖం చాటేశాయి. వెనకే ఇన్‌ఫ్లుయెంజా వచ్చిపడింది. 1911 జనాభా లెక్కల్లో కోటీ 33 లక్షలకు పైగా ఉన్న హైదరాబాద్ సంస్థానం జనం 1921 నాటికి కోటీ 24 లక్షల చిల్లరకు పడిపోయారు. పుట్టినవాళ్లను కలుపుకున్నా తొమ్మిది లక్షలు తక్కువ. అప్పుడు ఖజానాకు పెద్ద ఆధారం భూమి శిస్తు. విమానాల ధర ఎవరి చేను నుంచి వెళ్లిందో ఇంతకంటే విడమర్చక్కర్లేదు.

ఈ మాట అంటే మా ఊళ్లో కొందరు పెద్దమనుషులు నొచ్చుకుంటారు. వాళ్ల బాధా అర్థమవుతుంది. అదే నిజాం ఏలుబడిలో, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో, 1923 నుంచి 1931 దాకా మంజీరా నది మీద నిజాంసాగర్ ఆనకట్ట కట్టారు. 2,75,000 ఎకరాల ఆయకట్టు. మా పొలాల్లో వరి దాని కాలువ పుణ్యమే. ఆ ఆనకట్టకు దండం పెట్టడంలో నేను వెనకాడను. కానీ ఆనకట్టను లెక్కలో రాసి, విమానాలను లెక్క నుంచి తీసేస్తే ఆ చరిత్ర సగమే. రెండూ ఒకే ఏలుబడిలో వచ్చాయి. ఒకటి ఊరికి నీళ్లు తెచ్చింది, మరొకటి దొరగారి బిరుదుకు తోడైంది.

152 దగ్గర గ్లాడియేటర్లు ఎక్కువ కాలం లేవు. 1940 మొదట్లో స్పిట్‌ఫైర్లు వచ్చాయి. ఆ వేసవిలో వార్మ్‌వెల్ స్థావరం నుంచి లేచి జర్మన్లతో తలపడ్డాయి. 253వ స్క్వాడ్రన్‌కు కూడా హైదరాబాద్ పేరే, దానివి హరికేన్లు. 1943 చివర్లో 152 మన దేశానికే వచ్చింది. ఇంఫాల్, బర్మా మీద ఎగిరిన దాని స్పిట్‌ఫైర్ల పక్కన, వలయాల గుర్తును చీల్చుకుని దూకే నల్ల చిరుత బొమ్మ ఉండేది.

1948లో నిజాం రాజ్యం పోయింది. 1956 నవంబరు 1తో హైదరాబాద్ రాష్ట్రమూ పటం మీద లేకుండా పోయింది. పేరు మాత్రం పోలేదు. 152 బహ్రెయిన్‌లో 1967 దాకా, 110 సింగపూర్‌లో 1971 దాకా హైదరాబాద్ స్క్వాడ్రన్‌లుగానే చలామణీ అయ్యాయి. గ్లాడియేటర్ అయ్యాక నేను పోయబోయేది ఆ డీహెచ్ 9ఏ. అదీ 48వ వంతులోనే, ఎఫ్1010 రూపంలో, ముక్కు మీద 12ఏ అని రాసి. పక్కనే పెట్టే పలక మీద 1911, 1921 జనాభా లెక్కలు రెండూ ఉంటాయి.