నుసినర్సెన్

నుసినర్సెన్ అనేది స్పైనల్ మస్క్యులర్ ఎట్రోఫీ (ఎస్‌ఎంఏ) చికిత్సకు ఆమోదం పొందిన మొదటి ఔషధం. వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలు నశించడం వల్ల వచ్చే ఈ వంశపారంపర్య వ్యాధిని 1891లో గైడో వెర్డ్‌నిగ్ వర్ణించాడు. 5వ క్రోమోజోముపై ఉండే ఎస్‌ఎంఎన్‌1 జన్యువు లోపమే దీనికి మూలమని 1995లో తేలింది. దీన్ని దాదాపు పూర్తిగా పోలిన ఎస్‌ఎంఎన్‌2 జన్యువు రోగుల్లో ఉన్నా, దాని 7వ ఎక్సాన్‌లో (ప్రోటీన్ సంకేతం ఉండే భాగంలో) సి అనే డీఎన్‌ఏ అక్షరం స్థానంలో టి ఉండటంతో ఆర్‌ఎన్‌ఏ కూర్పులో ఆ ఎక్సాన్ తరచు తప్పిపోతుంది. తయారైన ప్రోటీన్ నిలవదు. 18 న్యూక్లియోటైడ్ల కృత్రిమ గొలుసైన నుసినర్సెన్ ఆ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని ఎక్సాన్‌ను నిలుపుతుంది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో ఏడ్రియన్ క్రైనర్, ఆయోనిస్ సంస్థ కలిసి రూపొందించిన ఈ మందును 2016 డిసెంబరు 23న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది.

మందు రక్తం నుంచి మెదడు, వెన్నుపాములకు చేరదు కనుక నడుము దగ్గర సూదితో మెదడు-వెన్ను ద్రవంలోకే ఎక్కిస్తారు. తొలి ఆమోదం ప్రకారం మోతాదు 12 మి.గ్రా. (5 మి.లీ.): మొదటి 2 నెలల్లో 4 సార్లు, ఆపై 4 నెలలకోసారి. నశించిన నాడీకణాలు తిరిగి రావు. లక్షణాలు కనబడకముందే మొదలుపెట్టిన శిశువుల్లో ఫలితం ఎంతో మెరుగ్గా ఉండటానికి, నవజాత శిశు పరీక్షల ప్రాముఖ్యానికి ఇదే కారణం. ఆ తర్వాత ఇదే వ్యాధికి 2019లో జన్యుచికిత్స జోల్‌జెన్‌స్మా, 2020లో నోటితో తీసుకునే రిస్డిప్లామ్ ఆమోదం పొందాయి.