పెళ్లి ఏ చట్టం కింద?

మందమర్రిలో మా క్వార్టర్ల వైపు ఇప్పుడు పెళ్లి కబురంటే డాలస్ నుంచో దుబాయ్ నుంచో రావడం మామూలైపోయింది. తండ్రి ముప్పై ఏళ్లు బొగ్గుబాయి దిగిన మనిషి, కూతురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇండియాకి వస్తే మళ్లీ వీసా స్టాంపింగ్ అవుతుందో లేదోనన్న భయంతో పెళ్లి అక్కడే కానిచ్చేస్తున్నారు. ఒక తల్లి నాతో అన్నది: "గుడి దొరికింది, పంతులు దొరికిండు. ఇంకేం గావాలె అక్కా?"

కాగితం కావాలి. ఈ సంగతి సింగరేణి ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కార్మికుడు పోయాక గ్రాట్యుటీ ఎవరికి, పింఛను ఎవరికి అన్నప్పుడు మెడలో పుస్తెలను ఎవరూ చూడరు, కంపెనీ రికార్డులో ఎవరి పేరుందో చూస్తారు. పరాయి దేశంలో పెళ్లికి ఆ రికార్డు ఏ ప్రభుత్వం రాయాలి అన్న ప్రశ్న కూడా తోడవుతుంది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. విచిత్రమేమిటంటే ఒకప్పుడు అది బొగ్గుగనుల దాకా వెళ్లింది. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు ఒప్పంద కూలీలుగా 1,52,184 మందిని తీసుకుపోయారు. వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లు, ఎక్కువగా తమిళులు, తెలుగువాళ్లు. చెరకు తోటల్లో, ఉత్తర నాటాల్ బొగ్గుగనుల్లో బతుకులు ఈడ్చారు. పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. 1913 మార్చి 14న కేప్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి సెర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. భర్త దగ్గరికి ఓడలో వచ్చిన బాయి మరియం అనే ముస్లిం స్త్రీని అధికారులు దేశంలోకి రానివ్వలేదు. బహుభార్యాత్వాన్ని ఒప్పుకునే మతం పద్ధతిలో జరిగిన పెళ్లి తమ చట్టం దృష్టిలో పెళ్లి కాదన్నాడు జడ్జి. కేసు ఆమె ఒక్కదానిదే అయినా, ఆ తర్కం హిందూ స్త్రీలకూ చుట్టుకుంది. వేలమంది ఆడవాళ్లు ఒక్క వాక్యంతో పెళ్లాలు కాకుండా పోయారు, వాళ్ల పిల్లల వారసత్వం ప్రశ్నార్థకమైంది.

ఆ ఏడాది స్త్రీలు సత్యాగ్రహంలోకి దిగారు. కస్తూరిబా జైలుకు వెళ్లిన సంగతి అందరికీ తెలుసు. టాల్‌స్టాయ్ ఫారం నుంచి బయల్దేరిన పదకొండుమంది గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. ఎక్కువమంది తమిళ స్త్రీలు, కొందరి చంకల్లో పసిపిల్లలు. వాళ్లు న్యూకాసిల్ వెళ్లి బొగ్గుగని కూలీలతో మాట్లాడారు. అక్టోబరులో గనులు ఆగిపోయాయి. ఆ ఆడవాళ్లకు మూడు నెలల కఠినశిక్ష పడింది. చరిత్ర పుస్తకాలు మూడు పౌన్ల పన్ను గురించి పేజీలకు పేజీలు రాసి, పెళ్లి గురించి ఒక్క పంక్తితో సరిపెడతాయి. ఆ పన్ను స్త్రీల మీద కూడా వేశారన్నది ఆ పేజీల్లోనూ వెతుక్కోవాలి.

1914లో వచ్చిన ఇండియన్ రిలీఫ్ యాక్ట్ పన్ను రద్దు చేసి, భారతీయ పెళ్లిళ్లను గుర్తించింది. ఎలా? ఒక మగాడికి ఒక భార్య చొప్పున. రెండో భార్య ఎక్కడికి పోవాలో చెప్పలేదు. బహుభార్యాత్వాన్ని సమర్థించే ఉద్దేశం నాకు లేదు. తప్పు మగాడిదైతే ఇంటినుంచీ లెక్కనుంచీ పోయింది ఆడది అన్నదే నా బాధ.

మన దేశం ఈ విషయంలో తీరిగ్గా కదిలింది. 1903 నాటి బ్రిటిషు కాలపు చట్టం స్థానంలో 1969లో విదేశీ వివాహ చట్టం వచ్చింది. ఇద్దరిలో ఒకరైనా భారత పౌరులైతే మన రాయబార కార్యాలయంలోని మ్యారేజ్ ఆఫీసరు ముందు పెళ్లి చేసుకోవచ్చు. ఒకరు అక్కడ కనీసం 30 రోజులు నివసించి ఉండాలి, నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలకు మరో 30 రోజులు ఆగాలి. స్థానిక చట్టం కింద చేసుకున్న పెళ్లిని 17వ సెక్షను కింద నమోదు చేయించుకునే వీలూ ఉంది. సెలవు దొరకని పిల్లలు ఇంత ఆగరు, స్థానిక చట్టాన్నే పట్టుకుంటారు. టెక్సస్‌లో అయితే ముందుగా కౌంటీ ఆఫీసులో లైసెన్సు తీసుకోవాలి. అది చేతికొచ్చాక మామూలుగా 72 గంటలు ఆగి, 90 రోజుల్లోపు పెళ్లి జరిపించి, జరిపించినవారి సంతకంతో కౌంటీకి తిప్పి పంపాలి. ఆ లైసెన్సు లేకుండా పంతులు ఎన్ని మంత్రాలు చదివినా రికార్డులో పేరు ఎక్కదు.

ఎక్కకపోతే ఏమవుతుంది? లండన్ సౌతాల్‌లో 1998లో ఒక రెస్టారెంటులో నిఖా జరిగింది. ఆ తర్వాత చట్ట ప్రకారం నమోదు చేయిద్దామని భార్య అడుగుతూనే ఉంది, భర్త చేయించలేదు. పిల్లలు పుట్టి, కాపురం చెడి, ఆమె విడాకులకు కోర్టుకెక్కితే 2020లో అప్పీలు కోర్టు అది చెల్లని పెళ్లి కూడా కాదు, అసలు పెళ్లే కాదన్నది. అంటే 1913లో ఓడ దిగనివ్వని స్త్రీ, సుమారు పద్దెనిమిదేళ్లు కాపురం చేసిన ఈ స్త్రీ ఒకే చోట నిలబడ్డారు.

కాగితం ఉన్న స్త్రీకీ తిప్పలు తప్పవు. 1975లో తిరుపతిలో జరిగిన ఒక తెలుగు జంట పెళ్లిని భర్త 1980లో అమెరికాలోని మిస్సోరీ కోర్టులో రద్దు చేయించుకున్నాడు. భార్య ఇక్కడే ఉంది. 1981లో అతను యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆమె ద్విభార్యాత్వం కింద కేసు పెట్టింది. వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి పేరుతో అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో, ఆ చట్టం ఒప్పుకునే కారణాల మీదే విదేశీ కోర్టు విడాకులివ్వాలనీ, భార్య తనంతట తాను ఆ కోర్టుకు లోబడకపోతే ఆ డిక్రీ ఇక్కడ చెల్లదనీ 1991 జులై 9న తీర్పు వచ్చింది. ప్రవాస పెళ్లిళ్ల మీద 2019లో రాజ్యసభలో బిల్లు పెట్టారు. సమగ్ర చట్టం కావాలని 2024లో లా కమిషన్ మళ్లీ చెప్పవలసివచ్చింది. ఇన్నాళ్లూ మన ఆడపిల్లలకు అండగా ఉన్నది ఎక్కువగా ఆ ఒక్కామె గెలుచుకున్న తీర్పే. మిస్సోరీ డిక్రీ వచ్చిన పదకొండేళ్లకు ఆమెకు దక్కిందేమిటంటే, తన కేసు వీలైనంత త్వరగా విచారించమని మేజిస్ట్రేటుకు ఇచ్చిన ఆదేశం.