ఏ మందునూ నమ్మని ఆచార్యుడు

మీ ఇంట్లో గాని మీ వీధిలో గాని ఎంబీబీఎస్ చదివే బిడ్డ ఉంటే ఈ సంగతిని వారికి కూడా చదివి వినిపించండి.

1918 సెప్టెంబరు 28న అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణములో యుద్ధ రుణ బాండ్ల కొరకు గొప్ప ఊరేగింపు జరిగింది. సుమారు 2 లక్షలమంది గుమిగూడారు. ఇన్‌ఫ్లుయెంజా అప్పటికే ఆ పట్టణములో ప్రవేశించియున్నది. కొద్ది దినములలోనే ఆసుపత్రులు నిండిపోయాయి. డాక్టర్లలోను నర్సులలోను అనేకులు యుద్ధమునకు వెళ్లిపోయారు. మరి రోగులను చూచేదెవరు? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము వైద్య విద్యార్థుల తరగతులు ఆపివేసి, వారిని అత్యవసర ఆసుపత్రులకు పంపించింది.

వారిలో ఐజాక్ స్టార్ అనే యువకుడున్నాడు. అప్పుడతడు మూడవ సంవత్సరములో ఉన్నాడు. ఈ వ్యాధిని గూర్చి వారికి దొరికినది ఒక్కటే ఉపన్యాసము. ఆల్ఫ్రెడ్ స్టెంగెల్ అనే ఆచార్యుడు ఆనాడు ప్రచారములో ఉన్న చికిత్సలను ఒక్కొక్కటిగా వివరించాడు. కాని వాటిలో దేనియందును ఆయనకు నమ్మకము లేదు. ఆ మాట దాచకుండా చెప్పాడు.

ఒక్క క్షణము ఆలోచించండి. అంత పెద్ద ఆచార్యుడు కుర్రవాళ్ల ముందు నిలబడి, పనిచేసే మందు నా యొద్ద లేదని ఒప్పుకోవడము తేలికా? బయట జనము ఏదో ఒకటి ఇమ్మని వేడుకొంటున్నారు. అనేకమంది డాక్టర్లు ఇచ్చారు కూడా. ఆస్పిరిన్‌ను రోజుకు 8 గ్రాములు మొదలుకొని 30 గ్రాముల వరకు ఇవ్వవచ్చని ఆనాటి వైద్యులు వ్రాసుకొన్నారు. అది విషమయ్యే మోతాదని నేడు మనకు తెలుసు. అదే పట్టణములో ఒక బాక్టీరియాను కారణమనుకొని టీకా కూడా తయారుచేశారు. అసలు కారణమైన వైరస్ మనుషులలో దొరికినది 1933లో!

స్టార్, అతని తోటివారు నర్సుల పని చేశారు. నీళ్లు త్రాగించారు, పక్కలు మార్చారు, ముఖము నీలి రంగుకు తిరిగినవారి ప్రక్కన నిలిచారు. ఆ పట్టణములో 12 వేలమందికి పైగా చనిపోయారు. గుండె పరిశోధకుడిగా పేరుపొందిన స్టార్, 58 ఏళ్ల తరువాత, 1976లో ఆ దినములను గూర్చి వ్రాసినప్పుడు ఆ ఒక్క ఉపన్యాసమును మరచిపోలేదు.

ఇక మన కాలమునకు వద్దాము. 2020 మార్చిలో మన దేశములో వైద్య సిబ్బంది ముందుజాగ్రత్తగా హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకోవచ్చని సలహా వచ్చింది. రుజువు ఇంకా లేదు. ఆసుపత్రిలో చేరిన రోగులకు అది మేలు చేయదని బ్రిటన్‌లోని రికవరీ పరీక్ష జూన్ 5న తేల్చింది. అదే పరీక్ష జూన్ 16న మరో సంగతి బయటపెట్టింది. డెక్సామెథసోన్ అనే చవకైన పాత మందు, వెంటిలేటరు మీదున్నవారి మరణాలను మూడవ వంతు తగ్గించింది. పరీక్షించకపోతే ఈ రెండిటిలో ఏది ఏదో ఎవరికి తెలిసేది?

2021 మే 3న చివరి సంవత్సరపు ఎంబీబీఎస్ విద్యార్థులను కూడా కోవిడ్ సేవకు వాడుకోవాలని కేంద్ర ప్రభుత్వము నిర్ణయించింది. అదే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నములో నాటుమందు కొరకు జనము వేలాదిగా తరలివచ్చారు. అటువంటి దినములలో ఇంట్లో నాయనమ్మ, "ఏమయ్యా డాక్టరూ, ఆ మందు తెప్పించమంటావా?" అని అడిగితే బిడ్డ ఏమి చెప్పాలి? "అది పనిచేస్తుందని ఎవరూ రుజువు చేయలేదు నాయనమ్మా. నీళ్లు త్రాగుతుండు. ఆక్సీమీటరు వేలికి పెడతాను, 94 కంటే తగ్గితే ఆసుపత్రికి వెళ్దాము" అని చెప్పవచ్చు.