కాందిశీకులు – స్థానిక అధికారం: తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

ఈ సంవత్సరపు ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించి ఒక వ్యాసం రాయవలసిందిగా సంఘం పెద్దలు నన్ను కోరినారు. నేను చరిత్ర పండితుడిని కాను. అయినా చాలాకాలంగా నా మనస్సులో ఉన్న ఒక ప్రశ్నను మీ ముందు పెట్టుకోవటానికి ఇది మంచి అవకాశమని ఒప్పుకున్నాను. ఊరు విడిచి, ఇల్లు విడిచి పరాయిచోటికి వచ్చిన కాందిశీకులకు మేలు జరిగేది ఎట్లా? జాలి ఉంటే చాలునా? జాలి ఉన్నచోట కూడా కొందరికి ఇల్లు, బడి, వైద్యం దొరికినాయి, మరికొందరికి దొరకలేదు. ఎందుకని?

దూరం పోనక్కరలేదు. బాబయ్య దర్గాకు పోయినప్పుడల్లా మనం చూసే పెనుకొండ కోట ఒకప్పుడు కాందిశీకుల రాజధాని. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంలో అళియ రామరాయలు మరణించగా, ఆయన తమ్ముడు తిరుమల రాయలు, పేరుకు మాత్రం చక్రవర్తి అయిన సదాశివ రాయలను వెంటబెట్టుకొని పెనుకొండకు చేరినాడు. 550 ఏనుగుల మీద నిధిని తరలించినట్లు రాబర్టు సూయెల్ దొర 1900లో అచ్చువేసిన విజయనగర చరిత్రలో రాసినాడు. తరువాత రాజధాని చంద్రగిరికి మారేవరకు సుమారు పాతికేళ్ళు పెనుకొండే రాజధాని.

ఆలోచించి చూడండి. రాజు కూడా కాందిశీకుడే. కాని కోట ఆయనది, సేన ఆయనది, నిధి ఆయనది. అందుచేత ఆయన మాట చెల్లింది. ఆ గడ్డుకాలంలో ఊరు విడిచిన సాలెవాడు, కుమ్మరి, కూలివాడు ఎవరి అరుగు మీద పడుకున్నారో, ఎవరి బావిలో నీళ్ళు తోడుకున్నారో మాత్రం చరిత్ర పుస్తకాలలో ఎంత వెదికినా కానరాదు. అధికారం వెంట తెచ్చుకున్నవాడు కాందిశీకుడైనా రాజే. అది లేనివాడు వచ్చినచోట తాళంచెవి పట్టుకున్న వాళ్ళ దయ మీద ఆధారపడవలసిందే.

మదీనా నేర్పిన పాఠం

కాందిశీకుల మాట వచ్చినప్పుడు మనకు మొదట జ్ఞాపకం వచ్చేది హిజ్రత్. క్రీ.శ. 622లో మక్కా నుంచి వచ్చిన ముహాజిర్లకు మదీనా అన్సార్లు ఆశ్రయమిచ్చిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. అయితే మనం దానిని ఔదార్యం కథగా మాత్రమే చెప్పుకొంటాము. అందులో ఉన్న ఏర్పాటును గమనించము.

అప్పటి మదీనాలో ఔస్, ఖజ్రజ్ అనే రెండు తెగల మధ్య పాత పగలున్నాయి. యూదు తెగలున్నాయి. ఎవరి కోటలు వారివి, ఎవరి తోటలు వారివి. అటువంటి ఊరిలో కొత్తగా వచ్చినవారినందరినీ ఒకచోట గుంపుగా వదిలిపెట్టి ఉంటే ఏమయ్యేది? మహాప్రవక్త (స) ఒక్కొక్క ముహాజిర్‌ను ఒక్కొక్క అన్సార్‌కు సోదరుడిగా జతచేసినారు. అనగా ప్రతి కాందిశీకుడికి స్థానికంగా ఒక ఇల్లు, ఒక పేరు, అడిగేవాడు ఒకడు ఏర్పడినాడు. అంతేగాక ఊరిలోని తెగలన్నిటి మధ్య హక్కులు, బాధ్యతలు చెప్పే ఒడంబడిక కూడా జరిగింది. ఊరిలో ఎవరి బలం ఎంతో తెలిసి చేసిన పని ఇది.

సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానంటే, అబ్దుర్రహమాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయనను దీవించి, నాకు బజారు దారి చూపించండి చాలునన్నారు. జున్ను, నెయ్యి అమ్మి నిలదొక్కుకున్నారు. ఆ కాందిశీకుడికి కావలసింది ముద్ద కాదు, దారి. బజారు ఎక్కడుందో, అందులో ఎట్లా ప్రవేశించాలో తెలిసినవాడు పక్కన ఉండటమే ఆయనకు జరిగిన పెద్ద సహాయం.

బర్మా నుంచి మొదటి రాక

ఇక మన కాలానికి దగ్గరగా వద్దాము. ఒకే దేశం నుంచి మన తెలుగు గడ్డకు రెండు రాకలు జరిగినాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నేను చెప్పదలచుకున్నది తేటగా తెలుస్తుంది.

విశాఖ, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది తెలుగువారు రంగూన్‌కు కూలికి పోయేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివారు మనవాళ్ళను కోరంగీలని పిలిచేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, ఓడల కంపెనీలవారు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నారు. సమ్మె పరిష్కారం కాగానే వారిని తీసివేసినారు. దానితో పేదవాడికీ పేదవాడికీ మధ్య కొట్లాట పుట్టి ఎందరో చనిపోయినారు. కూలి నిర్ణయించినవాడు మాత్రం మేడ మీద భద్రంగానే ఉన్నాడు.

1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినాయి. 1942లో లక్షలాది భారతీయులు కాలినడకన స్వదేశం బయలుదేరినారు. ఒక దారి అరకాను కొండల మీదుగా అక్యాబు రేవుకు పోయేది. దారిలో కలరాతో, ఆకలితో చచ్చినవారికి లెక్కలేదు. ఆ అరకాను పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1962 మార్చిలో జనరల్ నేవిన్ బర్మాలో సైనిక ప్రభుత్వం పెట్టినాడు. 1964లో అంగళ్ళు, వ్యాపారాలు జాతీయం చేసినారు. పెద్ద నోట్లు చెల్లవన్నారు. తరాల తరబడి సంపాదించుకున్నది అక్కడే వదిలి, కట్టుబట్టలతో ఓడలెక్కి లక్షకు పైగా మంది భారతదేశం వచ్చినారు. తెలుగువారిలో చాలామంది విశాఖపట్నంలో దిగినారు. కంచరపాలెం ప్రాంతంలో బర్మా క్యాంపు అనే పేరు వారి వల్ల వచ్చిందే.

వీరి కష్టం తక్కువదని నేను అనను. కాని వీరికి ఒక ఆధారం ఉండింది. వీరు భారత సంతతివారని ప్రభుత్వం ఒప్పుకున్నది. దానితో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. 1963 జూన్ 1 తరువాత బర్మా నుంచి తిరిగి వచ్చినవారికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలలో వయోపరిమితి సడలించినారు. మదరాసులో 1969లో వారి కోసం బర్మా బజారు వెలిసింది. అదే ఏడు బర్మా, సిలోను నుంచి వచ్చినవారికి అప్పులిచ్చి నిలబెట్టటానికి రెప్కో బ్యాంకు ఏర్పడింది. అది దక్షిణాది రాష్ట్రాలలో పనిచేసే సహకార బ్యాంకు. ఇల్లు, అప్పు, ఉద్యోగం మూడింటికీ మూలం ఒక్క కాగితమే. పైగా వారికి ఓటు వచ్చింది. ఓటున్న వీధికి కొళాయి వస్తుందని మనకు వేరే చెప్పాలా?

బర్మా నుంచి రెండవ రాక

ఇప్పుడు అరకానుకు తిరిగి వద్దాము. ఈనాడు దానిని రఖైన్ అంటున్నారు. అక్కడి రోహింగ్యా ముస్లిములకు 1982 నాటి పౌరసత్వ చట్టం తరువాత దేశమే లేకుండా పోయింది. 2012లో అల్లర్లు, 2017 ఆగస్టు నుంచి సైనిక దాడులు జరిగినాయి. 2017 దాడుల తరువాత ఏడు లక్షలకు పైగా జనం బంగ్లాదేశ్ చేరుకున్నారు. కొన్ని వేలమంది, ముఖ్యంగా 2012 తరువాత, హైదరాబాదు వచ్చి బాలాపూర్ పరిసరాలలో గుడిసెలు వేసుకున్నారు.

అక్కడ జాలికి కొదవ లేదు. బియ్యం ఇచ్చినవారు, రంజానులో బట్టలు ఇచ్చినవారు, వైద్యం చేయించినవారు ఎందరో ఉన్నారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ కార్డులిచ్చింది. దానితో కలిసి హైదరాబాదులోని కోవా అనే స్వచ్ఛంద సంస్థ పనిచేసింది. అయినా మొదటి రాకవారికి తెరుచుకున్న తలుపులు వీరికి తెరుచుకోలేదు. కారణాలు చూడండి.

మొదటిది చట్టం. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద భారతదేశం సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. ఐక్యరాజ్యసమితి కార్డు ఉన్నంతమాత్రాన రేషను కార్డు రాదు. 2017 ఆగస్టులో కేంద్ర హోం శాఖ వీరిని గుర్తించి పంపివేయవలసిందని రాష్ట్రాలకు రాసింది. 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు జమ్మూలోని రోహింగ్యాల కేసులో, నియమాల ప్రకారం పంపటాన్ని ఆపటానికి ఒప్పుకోలేదు.

రెండవది స్థలం. గుడిసె వేసుకున్న నేల ప్రైవేటువారిది. నెలనెలా అద్దె కట్టాలి. నేలగలవాడు లెమ్మంటే లేవాలి. కాబట్టి నీటికి, కరెంటుకు, మరుగుదొడ్డికి మునిసిపాలిటీ కంటే ముందు అడగవలసింది ఆ స్థలం యజమానిని.

మూడవది ఓటు. వీరికి ఓటు లేదు కాబట్టి వీరికోసం తిరిగితే ఏ నాయకుడికీ లాభం లేదు. కాని వీరి పేరుకు ఓట్లు రాలుతాయి! 2020 డిసెంబరులో జరిగిన గ్రేటర్ హైదరాబాదు కార్పొరేషను ఎన్నికలలో రోడ్లు, మురుగునీటి కంటే రోహింగ్యాల మాటే కొన్ని సభలలో పెద్దగా వినిపించింది. నోరులేనివాడి పేరు మీద రాజకీయం చేయటం చాలా సులభం.

నాలుగవది, ఇది మనం సిగ్గుపడవలసిన సంగతి. కొందరు దళారులు డబ్బు తీసుకొని దొంగ కాగితాలు పుట్టించినారు. ఆ కాగితం పట్టుబడినప్పుడు జైలుకు పోయింది ఎక్కువగా దానిని నమ్మిన కాందిశీకుడే. మంచి మనసుతో చేసినా దొంగ కాగితం ఉపకారం కాదు, ఉరితాడు.

అయితే అన్ని తలుపులూ మూసుకుపోయినాయని అనుకోకూడదు. మన రాజ్యాంగంలో 21వ అధికరణం పౌరుడు అనలేదు, వ్యక్తి అన్నది. 1996లో అరుణాచల ప్రదేశ్ చక్మాల కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే నొక్కి చెప్పింది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ రోహింగ్యా పిల్లల విషయంలో, ముందు ప్రభుత్వ బడులలో దరఖాస్తు పెట్టుకోండి, కాదంటే హైకోర్టుకు పోవచ్చునన్నది. అనగా బడి తలుపు దగ్గర తాళంచెవి హెడ్మాస్టరు చేతిలో ఉంది. ఆయన దగ్గరకు దరఖాస్తు రాసి తీసుకుపోయేవాడు కావాలి.

మన ఊరిలో ఒక అనుభవం

ఇదంతా హైదరాబాదు సంగతి, ధర్మవరానికి ఏమి సంబంధం అని కొందరు అడగవచ్చు. కొన్నేళ్ళ క్రితం పనికోసం వేరే రాష్ట్రం నుంచి రైలు దిగి వచ్చిన ఒక కుటుంబం మా వీధి చివర రేకుల షెడ్డులో ఉండేది. చలికాలం. మేము నలుగురం చందా వేసుకొని దుప్పట్లు తీసుకుపోయినాము. ఆ తల్లి తీసుకొని, వచ్చీరాని మాటలలో, "దుప్పటి సరే అన్నా, పిల్లోణ్ని బడిలో యేసుకోలేదు, అది చూడండి" అన్నది. నాకు తల కొట్టేసినట్లయింది.

విచారిస్తే, టీసీ లేదని, పుట్టినతేదీ కాగితం లేదని తిప్పి పంపినారట. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేదని ఏ పిల్లవాడినీ కాదనకూడదు. మేము జాలి తీసుకుపోయినాము గాని చట్టం తీసుకుపోలేదు. తరువాత ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు, వార్డు పెద్ద ఒకరు, మా వీధిలోనే మగ్గం నేసే ఒక నేతన్న, ముగ్గురూ కలిసి అర్జీ పట్టుకొని పోయినారు. వారం తిరగకముందే పిల్లవాడు బడిలో కూర్చున్నాడు. ఖర్చు అర్జీ కాగితం ఖరీదు మాత్రమే!

పట్టు చీర నేసేవాడికి, కొనేవాడికి మధ్య ఎంతమంది చేతులున్నాయో ధర్మవరం వాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. ప్రభుత్వ ఉత్తర్వుకు, పేదవాడి గుమ్మానికి మధ్య కూడా అట్లాగే చేతులుంటాయి. ఏ చేయి దగ్గర పని ఆగిందో కనుక్కోకుండా రెండు చివర్లలో ఎంత అరిచినా ప్రయోజనం లేదు.

సంఘానికి నా మనవి

అందుచేత సభ్యులకు నాలుగు మాటలు మనవి చేసుకొంటున్నాను. మొదట, సహాయం తీసుకుపోయే ముందు ఏమి కావాలో ఆ మనిషినే అడుగుదాము. రెండు, మన పట్టణంలో బడి, ఆసుపత్రి, రేషను, స్థలం, పోలీసు, మునిసిపాలిటీ, వీటిలో ఏ పనికి ఎవరు సంతకం పెడతారో, కాదంటే పైన ఎవరో రాసిన పుస్తకం ఒకటి సంఘం ఆఫీసులో ఉంచుదాము. 2022లో మన ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినప్పుడు చాలామందికి ఏ కాగితానికి ఏ ఆఫీసుకు పోవాలో తెలియక తిరగవలసి వచ్చింది. కాబట్టి ఆ పుస్తకాన్ని ఏడాదికొకసారి సరిచూసుకోవాలి. మూడు, ఎక్కడికి పోయినా మనవాళ్ళమే పోకుండా ఇతర మతాల పెద్దలను, ఉపాధ్యాయులను, నేతన్నల సంఘాలవారిని కలుపుకొని పోదాము. ఒక వర్గం అడిగితే రాజకీయం అంటారు, ఊరు అడిగితే న్యాయం అంటారు. నాలుగు, దొంగ కాగితం జోలికి పోవద్దు, పోయేవారిని పోనివ్వవద్దు.

జకాత్ సొమ్ము లెక్కకు అందుతుంది. తాలూకా ఆఫీసు గుమ్మంలో ఒక పేదవాడి తరఫున గంటసేపు నిలబడిన పుణ్యం ఏ రసీదు పుస్తకంలోనూ ఎక్కదు. అయినా వచ్చే ఏడాది సంచికలో చందాదారుల పట్టికతో పాటు ఎంతమంది పిల్లలను బడిలో చేర్పించినామో కూడా అచ్చువేసుకునే భాగ్యం అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.